రహస్య పోలీసులు తిరిగి వస్తారన్న భయం: దక్షిణ కొరియాలో దానికి ఆధారం ఎంత?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. 2024 డిసెంబర్ 3 రాత్రి దక్షిణ కొరియా అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ మార్షల్ లా ప్రకటించినప్పటి నుంచి ‘పాత కేసీఐఏ (కొరియా కేంద్ర గూఢచార సంస్థ) రోజులు మళ్ళీ వస్తాయేమో’ అన్న మాట అక్కడ తరచుగా వినిపిస్తోంది. 1987 నుంచి ప్రజలే నేరుగా అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటున్న సంపన్న దేశంలో ఈ భయానికి నిజంగా ఆధారం ఉందా, లేక ప్రతిపక్షం పెంచి పోషించిన అనుమానమా, ఆధారమే ఉంటే దాన్ని ముందుగా పసిగట్టేది ఎలా అని మీరు అడుగుతున్నారు.

కొరియా రాజకీయ చరిత్రను చాలా కాలంగా బోధిస్తున్నవాడిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. భయానికి ఆధారం ఉంది, కానీ భయపడేవారిలో ఎక్కువమంది చూడవలసిన చోట చూడడం లేదు. నాయకుడి స్వభావం, అతని ఉపన్యాసాలు, అతను పూర్వపు నియంతను పొగిడాడా లేదా అన్న విషయాల మీదే చర్చంతా నడుస్తుంది. రహస్య పోలీసు వ్యవస్థ బతికేది మాత్రం మూడు ఏర్పాట్ల మీద: సమాచారం సేకరించే చేతికే అరెస్టు చేసే అధికారం కూడా ఉండడం, ఆ సంస్థ అధిపతి దేశాధ్యక్షుణ్ణి ఎవరూ లేకుండా ఒంటరిగా కలుసుకోగలగడం, ఆ సంస్థ అధికారాలను పార్లమెంటుతో పని లేకుండా ఒక ఉత్తర్వుతో మార్చగలగడం. కొరియాలో ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా విడగొట్టారు, కొన్నింటిని మళ్ళీ అతికించారు. అందుకే అక్కడి చరిత్ర ఈ ప్రశ్నకు మంచి పాఠ్యగ్రంథం వంటిది.

1961 మే 16న సైనిక కుట్రతో అధికారం చేజిక్కించుకున్న పార్క్ చుంగ్ హీ బృందం నెల తిరగకుండానే, జూన్ 10న, కొరియా కేంద్ర గూఢచార సంస్థను చట్టంతో స్థాపించింది. దాని మొదటి అధిపతి, కుట్రకు ప్రధాన రూపకర్త అయిన కిమ్ జోంగ్ పిల్. పేరు అమెరికా సంస్థను చూసి పెట్టుకున్నదే అయినా పని తీరు పూర్తిగా వేరు. విదేశీ గూఢచర్యంతో పాటు దేశంలో ఎవరినైనా పట్టుకుని విచారించే అధికారం దీనికి ఉండేది. పైగా ఇతర ప్రభుత్వ సంస్థల నిఘా, దర్యాప్తు పనులను సమన్వయపరిచి పర్యవేక్షించే హక్కును కూడా చట్టమే ఇచ్చింది. పోలీసులు, ప్రాసిక్యూటర్లు, సైన్యం అందరూ దీని మాటకు లోబడవలసి వచ్చేది. 1973 ఆగస్టులో ప్రతిపక్ష నాయకుడు కిమ్ డే జుంగ్‌ను టోక్యోలోని హోటల్ నుంచి ఎత్తుకుపోయి, అయిదు రోజుల తరువాత సియోల్‌లో అతని ఇంటి దగ్గర వదిలిపెట్టినది ఈ సంస్థే. ఆ సంగతిని దాని వారసురాలైన సంస్థే 2007లో తన సొంత విచారణలో ఒప్పుకుంది. 1975 ఏప్రిల్‌లో ఈ సంస్థే నడిపిన ‘ప్రజా విప్లవ పార్టీ’ కేసులో సుప్రీంకోర్టు మరణశిక్షలను ఖరారు చేసిన మరునాడు తెల్లవారుతూనే ఎనిమిది మందిని ఉరి తీశారు. 2007లో పునర్విచారణ జరిపిన న్యాయస్థానం ఆ ఎనిమిది మందినీ నిర్దోషులుగా ప్రకటించింది.

1979 అక్టోబర్ 26న కంచే చేను మేసింది: పార్క్ చుంగ్ హీని విందులోనే కాల్చి చంపినవాడు స్వయంగా ఈ సంస్థ అధిపతి కిమ్ జే గ్యు. ఆ హత్య మీద దర్యాప్తు చేసే అధికారం మార్షల్ లా కింద సైన్యంలోని నిఘా సంస్థ అయిన సైనిక భద్రతా కమాండ్ అధిపతి చున్ డూ హ్వాన్ చేతికి వచ్చింది. దర్యాప్తు అధికారి హోదాతోనే అతను డిసెంబర్ 12న సైన్యాధిపతిని అరెస్టు చేయించాడు, 1980 ఏప్రిల్‌లో కేసీఐఏ అధికారాన్ని కూడా తన కిందికి తెచ్చుకున్నాడు, మే నెలలో గ్వాంగ్జూ నగరంలో నిరసనకారుల మీద సైన్యం జరిపిన రక్తపాతం తరువాత అధ్యక్షుడయ్యాడు. ‘విచారణ’ అన్న ఒక్క అధికారం చేతిలో ఉంటే ఎంత దూరం పోవచ్చో ఇంతకు మించిన ఉదాహరణ నాకు తెలియదు.

కొరియాలో రహస్య పోలీసు అంటే ఒక్క కేసీఐఏనే తలచుకోవడం సరికాదు. వాస్తవానికి అవి మూడు: కేసీఐఏ, సైనిక భద్రతా కమాండ్, పోలీసు శాఖలోని కమ్యూనిస్టు వ్యతిరేక విభాగం. ఈ మూడో దాని భవనం సియోల్‌లోని నామ్‌యోంగ్‌డోంగ్‌లో ఇప్పటికీ ఉంది, ఇప్పుడది ప్రజాస్వామ్య ఉద్యమ స్మారక మందిరం. 1976లో కట్టిన ఆ నల్ల ఇటుకల భవనానికి నమూనా గీసినవాడు సామాన్యుడు కాదు, తరువాత సియోల్ ఒలింపిక్ స్టేడియాన్ని రూపొందించిన కిమ్ సూ గ్యున్. బయట సముద్ర పరిశోధన సంస్థ అన్న బోర్డు ఉండేది. బయటి నుంచి చూస్తే అన్ని అంతస్తుల కిటికీలూ మామూలుగానే ఉంటాయి, అయిదో అంతస్తులో మాత్రం అవి మనిషి తల కూడా పట్టని సన్నని చీలికలు. విచారణ గదులన్నీ అక్కడే. పట్టుకొచ్చిన మనిషిని కళ్ళకు గంతలు కట్టి వెనుక ద్వారం గుండా తీసుకువెళ్ళి, మధ్యలో ఏ అంతస్తుకూ తలుపు లేని సన్నని ఇనుప చుట్టుమెట్ల మీదుగా నేరుగా అయిదో అంతస్తుకు ఎక్కించేవారు. అలా తిరుగుతూ ఎక్కినవాడికి తాను ఏ అంతస్తులో ఉన్నాడో తెలిసేది కాదు. ఎదురెదురు గదుల తలుపులు ఒకదానికొకటి సూటిగా ఉండవు, కాబట్టి ఒకేసారి తెరిచినా ఒక గదిలోని మనిషి మరొక గదిలోని మనిషిని చూడలేడు. ఇదంతా ఆవేశంలో చేయి చేసుకున్న అధికారుల పని కాదు. టెండరు పిలిచి, నమూనా గీయించి, బడ్జెట్ మంజూరు చేసి కట్టిన హింస.

1987 జనవరి 14న ఆ అంతస్తులోని 509వ నంబరు గదిలో సియోల్ జాతీయ విశ్వవిద్యాలయ విద్యార్థి పార్క్ జోంగ్ చుల్ నీటి తొట్టె హింసలో చనిపోయాడు. బల్ల మీద చరిచేసరికి అతను ఒక్క కేక పెట్టి కూలిపోయాడని పోలీసు అధికారులు ప్రకటించారు. మొదట పిలిపించిన వైద్యుడు గదిలో నీళ్ళు కనబడ్డాయని విలేకరులకు చెప్పడం, శవపరీక్షలో అసలు కారణం బయటపడడం, అసలు దోషులను దాచిపెట్టారన్న సంగతిని మే నెలలో కాథలిక్ పురోహితులు వెల్లడించడం, జూన్‌లో దేశమంతా వీధుల్లోకి రావడం వరుసగా జరిగాయి. నేరుగా అధ్యక్షుణ్ణి ఎన్నుకునే హక్కు కొరియా ప్రజలకు దక్కింది ఆ ఉద్యమంతోనే. 1991లో పోలీసు శాఖను హోం మంత్రిత్వ శాఖ నుంచి వేరు చేయడానికి కూడా మూలం ఆ గదిలోనే ఉంది.

తరువాతి ముప్పై ఏళ్ళను త్వరగా దాటుతాను, ఎందుకంటే వాటిలో పేర్లు మార్చడమే ఎక్కువ. కేసీఐఏ 1981లో ఒక పేరు, 1999లో జాతీయ గూఢచార సేవా సంస్థ అన్న మరో పేరు పొందింది. సైనిక భద్రతా కమాండ్ వెయ్యి మందికి పైగా పౌరుల మీద నిఘా పెట్టిందని 1990లో అక్కడి నుంచి పత్రాలతో పారిపోయిన ఒక మామూలు సైనికుడు బయటపెట్టాడు. ఆ జాబితాలో ముందు ముందు దేశాధ్యక్షులు కాబోయే కిమ్ యంగ్ సామ్, కిమ్ డే జుంగ్, రో మూ హ్యున్ ముగ్గురూ ఉన్నారు. దానికి ప్రభుత్వం ఇచ్చిన ప్రధాన జవాబు మరుసటి ఏడాది సంస్థ పేరు మార్చడం.

అయితే ఈ కాలంలో ఒక సంగతి దగ్గర ఆగక తప్పదు. స్వయంగా కేసీఐఏ చేతిలో చావు తప్పించుకున్న కిమ్ డే జుంగ్ 1998లో అధ్యక్షుడయ్యాడు, తరువాత నోబెల్ శాంతి బహుమతి కూడా అందుకున్నాడు. అతని పాలనలో గూఢచార సంస్థ మొబైల్ ఫోన్లను చట్టవిరుద్ధంగా విన్నదని 2005లో ఆ సంస్థే ఒప్పుకుంది, అతని కాలపు ఇద్దరు సంస్థాధిపతులకు శిక్ష కూడా పడింది. నియంతృత్వ ధోరణి ఉన్న నాయకుడు రాకపోతే చాలు, రహస్య పోలీసు రాదు అనుకునేవారికి నేను ఎప్పుడూ చూపేది ఈ ఉదాహరణే. యంత్రం సిద్ధంగా ఉన్నప్పుడు దాన్ని నడిపించడానికి నియంత అక్కరలేదు. ఆపమని గట్టిగా చెప్పేవాడు లేకపోతే సరిపోతుంది. అతని తరువాత వచ్చిన రో మూ హ్యున్ గూఢచార సంస్థ అధిపతితోనూ, సైనిక నిఘా అధిపతితోనూ ఒంటరి సమావేశాలు మానేశాడు. చూడడానికి చిన్న విషయంలా ఉంటుంది గాని, నా దృష్టిలో ఆ దేశంలో జరిగిన సంస్కరణల్లో అత్యంత విలువైనది అదే, ఎందుకంటే గదిలో మూడో మనిషి కూర్చుంటే అడగలేని పనులు చాలా ఉంటాయి. దురదృష్టం ఏమిటంటే అది చట్టం కాదు, ఒక మనిషి అలవాటు మాత్రమే. లీ మ్యుంగ్ బాక్ రాగానే సైనిక నిఘా అధిపతి మళ్ళీ ఒంటరిగా నివేదించడం మొదలుపెట్టాడు. ఆ పాలనలోనే, 2012 అధ్యక్ష ఎన్నికల ముందు, గూఢచార సంస్థ ఉద్యోగులు మారుపేర్లతో ఇంటర్‌నెట్‌లో ప్రతిపక్షం మీద వ్యాఖ్యలు రాశారు, దానికి అప్పటి సంస్థాధిపతి జైలుకు వెళ్ళాడు.

ఇక దర్యాప్తు అధికారం సంగతి. 2013లో ఉత్తర కొరియా నుంచి వచ్చి సియోల్ నగర పాలక సంస్థలో పనిచేస్తున్న ఒక ఉద్యోగిని గూఢచారి అని అరెస్టు చేశారు. ఆధారంగా చూపిన చైనా సరిహద్దు రాకపోకల పత్రాలు నకిలీవని చైనా రాయబార కార్యాలయమే తేల్చి చెప్పింది, చివరకు గూఢచర్యం ఆరోపణ నుంచి సుప్రీంకోర్టు అతణ్ణి విముక్తుణ్ణి చేసింది. ఇటువంటి కేసుల ఫలితంగానే 2020 డిసెంబర్‌లో చట్టం మార్చి, గూఢచారుల కేసుల దర్యాప్తు అధికారాన్ని గూఢచార సంస్థ నుంచి తీసివేశారు. మూడేళ్ళ గడువు తరువాత 2024 జనవరి 1 నుంచి అది పోలీసుల చేతికి వచ్చింది. ఈ మార్పును వ్యతిరేకించినవారందరూ నియంతృత్వ ప్రియులు కారు. 2023లో బయటపడిన ఒక కేసులో ఒక పెద్ద కార్మిక సమాఖ్య మాజీ పదాధికారికి ఉత్తర కొరియా ఏజెంట్లను కలిసి ఆదేశాలు తీసుకున్నందుకు శిక్ష పడింది. అంటే అక్కడ గూఢచారులు ఉన్నారన్నది కల్పన కాదు. కల్పన కాదు కాబట్టే దాన్ని సాకుగా వాడుకోవడం సులభం. 1948 నాటి జాతీయ భద్రతా చట్టం నేటికీ అమలులో ఉంది. శత్రువును పొగడడాన్ని శిక్షించే దాని ఏడో అధికరణాన్ని రాజ్యాంగ న్యాయస్థానం 2023 సెప్టెంబర్‌లో మరోసారి సమర్థించింది.

సైనిక నిఘా సంస్థ (పాత సైనిక భద్రతా కమాండ్) మాత్రం ఈ సంస్కరణకు బయటే ఉండిపోయింది. 2017లో అధ్యక్షురాలు పార్క్ గున్ హే అభిశంసన తీర్పుకు ముందు అది మార్షల్ లా పథకాన్ని రాసి పెట్టుకుందని, శాసనసభ్యులను అరెస్టు చేసి మార్షల్ లా రద్దు తీర్మానానికి కావలసిన సంఖ్య లేకుండా చేయాలన్న ఆలోచన కూడా అందులో ఉందని 2018లో వెల్లడైంది. సెవోల్ పడవ ప్రమాదంలో పిల్లలను పోగొట్టుకున్న తల్లిదండ్రుల మీద కూడా అదే సంస్థ నిఘా పెట్టిందని తేలింది. ప్రభుత్వం దాన్ని రద్దు చేసి, సిబ్బందిని తగ్గించి, 2018 సెప్టెంబర్‌లో కొత్త పేరుతో మళ్ళీ నిలబెట్టింది. ఈ సంస్థ పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టంతో కాకుండా అధ్యక్షుడి ఉత్తర్వుతో నడుస్తుంది. (మన ఇంటెలిజెన్స్ బ్యూరోకు కూడా ప్రత్యేక చట్టం లేదు, అయితే దానికి అరెస్టు చేసే అధికారమూ లేదు, కొరియా సంస్థకు ఉంది.) ఉత్తర్వుతో తగ్గించినదాన్ని ఉత్తర్వుతోనే పెంచవచ్చు. యూన్ ప్రభుత్వం 2022లో దాని పేరును ‘ప్రతి-గూఢచర్య కమాండ్’గా మార్చింది, 2023లో ఉత్తర్వును సవరించి పనుల పరిధిని పెంచింది, దాని అధిపతిగా అధ్యక్షుడు చదివిన ఉన్నత పాఠశాలలోనే చదివిన యో ఇన్ హ్యోంగ్‌ను నియమించింది. రక్షణ మంత్రి కిమ్ యోంగ్ హ్యున్‌ది కూడా ఆ బడే. 2024 ఆగస్టులో, సెప్టెంబర్‌లో ప్రతిపక్ష సభ్యులు కొందరు మార్షల్ లాకు రంగం సిద్ధమవుతోందని అన్నప్పుడు అధికార పక్షం కట్టుకథ అని కొట్టిపారేసింది. ఈ కాలంలో మార్షల్ లాను ఎవరు ఒప్పుకుంటారని మంత్రి కాబోతున్న కిమ్ యోంగ్ హ్యునే నియామక విచారణలో ఎదురు ప్రశ్నించాడు. మూడు నెలలు తిరిగేసరికి మార్షల్ లా పెట్టాలని అధ్యక్షుడికి సిఫారసు చేసినవాడు అతనే.

డిసెంబర్ 3 రాత్రి పదిన్నర ప్రాంతంలో ప్రకటన వెలువడింది. పార్లమెంటు ముందు సైనికులు, హెలికాప్టర్లు అందరూ టీవీలో చూసినవే. మీ ప్రశ్నకు సంబంధించిన అసలు ఘట్టం కొన్ని ఫోన్ సంభాషణల్లో జరిగింది. గూఢచార సంస్థ మొదటి ఉపాధిపతి హాంగ్ జాంగ్ వొన్ వాంగ్మూలం ప్రకారం, పదకొండు కావస్తుండగా అధ్యక్షుడే అతనికి ఫోన్ చేసి, ఈ అవకాశంలో అందరినీ పట్టుకోవాలని, గూఢచార సంస్థకు కూడా దర్యాప్తు అధికారం ఇస్తామని, ముందు ప్రతి-గూఢచర్య కమాండ్‌కు సహకరించమని చెప్పాడు. కొద్ది నిమిషాల తరువాత యో ఇన్ హ్యోంగ్ చదివిన పేర్లలో ప్రతిపక్ష నాయకుడు లీ జే మ్యుంగ్, జాతీయ అసెంబ్లీ స్పీకర్ ఉ వొన్ షిక్‌లతో పాటు అధ్యక్షుడి సొంత పార్టీ నాయకుడు హాన్ డోంగ్ హూన్ కూడా ఉన్నాడు. వారు ఎక్కడ ఉన్నారో కనిపెట్టాలన్నది అతని కోరిక. హాంగ్ రాసుకోవడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశానని చెప్పాడు. తాను మాట్లాడింది గూఢచారులను పట్టుకోవడం గురించేనని యూన్ వాదించాడు. హాంగ్ ఆ చీటీని ఎక్కడ నిలబడి రాశాడన్న దాని మీద కూడా చాలా రభస జరిగింది. కానీ స్పీకర్, పార్టీల నాయకులు తదితరుల ఆచూకీ తీయించే ప్రయత్నం జరిగిందన్న విషయాన్ని రాజ్యాంగ న్యాయస్థానం అంగీకరించింది.

ఆ ఫోన్‌లో వినిపించిన హామీని మరొకసారి చూడండి. పార్లమెంటు ఆరు దశాబ్దాల అనుభవంతో చర్చించి, మూడేళ్ళ గడువిచ్చి తీసివేసిన అధికారాన్ని, ఏడాది కూడా తిరగకముందే ఒక రాత్రి ఒక ఫోన్ మీద తిరిగి ఇస్తామన్నారు. సంస్కరణ అమలులోకి రాకుండా ఉండి ఉంటే ఆ రాత్రి హామీ ఇవ్వవలసిన అవసరమే ఉండేది కాదు. విచారణ గదులు, అధికారులు, వారెంట్ల పద్ధతి అన్నీ సిద్ధంగా ఉండేవి. అందుకే ఆ చట్టం కాగితాలకే పరిమితమైందని అనేవారితో నేను ఏకీభవించను.

మరో వివరం. అదే రాత్రి ఎన్నికల కమిషన్ సర్వర్లను స్వాధీనం చేసుకోవడానికి వెళ్ళమని ప్రతి-గూఢచర్య కమాండ్ సిబ్బందికి ఆదేశం వచ్చింది. కమాండ్‌లోని న్యాయాధికారులను సలహా అడిగితే ఏడుగురూ అది చట్టవిరుద్ధమని గట్టిగా అభ్యంతరం చెప్పారని ఆ పనికి బాధ్యుడైన అధికారి వాంగ్మూలమిచ్చాడు. బయలుదేరిన బృందాల్లో కొన్ని లోపలికి పోకుండా దారిలో దుకాణం దగ్గర ఆగి నూడిల్స్ తింటూ, హాన్ నది వంతెన దగ్గర తచ్చాడుతూ కాలం గడిపాయి. ఒంటిగంట దాటగానే అసెంబ్లీలో హాజరైన 190 మందీ ఏకగ్రీవంగా రద్దు తీర్మానాన్ని ఆమోదించారు, తెల్లవారుజామున నాలుగున్నర ప్రాంతంలో మార్షల్ లా ఎత్తివేశారు. డిసెంబర్ 14న యూన్ అభిశంసనకు గురయ్యాడు, 2025 ఏప్రిల్ 4న ఎనిమిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా అతణ్ణి పదవి నుంచి తొలగించారు. 1980లో ఇదే కమాండ్‌లో ఇటువంటి ఆదేశానికి న్యాయాధికారి అడ్డు చెప్పడం ఊహకు అందదు. ఈ తేడాను కొందరు ప్రజాస్వామ్య సంస్కృతి అంటారు. నా అంచనాలో అంతకంటే గట్టి కారణం, చున్ డూ హ్వాన్‌కూ అతని కింది అధికారులకూ 1990లలో శిక్షలు పడడం, 2018 తరువాత నిఘా అధికారుల మీద కేసులు నడవడం. ఆదేశం పాటించినవాడికి కూడా జైలు తప్పదని ఆ సిబ్బంది తమ కళ్ళ ముందే చూశారు.

ముందుగా పసిగట్టడం ఎలా అన్న మీ రెండో ప్రశ్నకు దీనిలోనే జవాబు ఉంది. కొత్త సంస్థ పుట్టిందా అని వెతకవద్దు; పాత సంస్థల ఉత్తర్వుల్లో ఏ వాక్యం చేరింది, అధిపతులుగా ఎవరి స్నేహితులు వస్తున్నారు, వారు అధ్యక్షుణ్ణి ఎవరి సమక్షంలో కలుస్తున్నారు, అభ్యంతరం చెప్పిన అధికారి బదిలీ అయ్యాడా అన్నవి చూడండి. 2022లో యూన్ ప్రభుత్వం హోం వ్యవహారాల మంత్రిత్వ శాఖలో పోలీసు విభాగాన్ని 31 ఏళ్ళ తరువాత మళ్ళీ తెరిచినప్పుడు, నిరసనగా సమావేశమైన పోలీసు స్టేషన్ల అధిపతుల్లో ముందు నిలిచిన అధికారిని విధుల నుంచి తప్పించారు. ఆనాడు దాన్ని శాఖాపరమైన గొడవగా చూసినవారే ఎక్కువ.

ప్రస్తుత పరిస్థితి గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. యూన్ తరువాత అధ్యక్షుడైన లీ జే మ్యుంగ్ ప్రభుత్వం ప్రతి-గూఢచర్య కమాండ్‌ను రద్దు చేసి దాని పనులను వేర్వేరు సంస్థలకు పంచుతామని చెప్పింది. అది సరైన దిశే, కానీ కొత్త సంస్థలకు కూడా పునాది అధ్యక్షుడి ఉత్తర్వే అయితే తరువాతి అధ్యక్షుడికి ఒక సంతకంతో తీరిపోయే పని. దీనికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్నది పోలీసు శాఖ. దేశంలోపలి సమాచార సేకరణ ముందు నుంచీ వారి పనే; ఇప్పుడు గూఢచారుల కేసుల దర్యాప్తు కూడా వారిదే. అంటే గూఢచార సంస్థ దగ్గర విడగొట్టిన రెండు అధికారాలు పోలీసుల దగ్గర మళ్ళీ కలిశాయి, నామ్‌యోంగ్‌డోంగ్ భవనం ఒకనాడు ఎవరిదో గుర్తున్నవారికి ఇది చిన్న విషయం కాదు. దర్యాప్తు కోసం 2021లో ఏర్పడిన ప్రత్యేక కార్యాలయం జాతీయ పోలీసు అధిపతికి వ్యక్తిగత కేసుల్లో లోబడకూడదన్న నియమం ఉంది. ఆ నియమం ఎంతవరకు నిలబడుతుందో చెప్పేది పార్లమెంటు కమిటీకి ఆ శాఖ కాగితాలు అడిగి చూసే హక్కు, మనుషులు రెండూ ఉన్నాయా లేదా అన్నదే.